రాతిపువ్వు కషాయం రోజూ తాగవచ్చా? మా అత్తయ్య మూడు వారాలుగా మానకుండా తాగుతున్నారు

కృష్ణలంక_సుధ
మా అత్తయ్యకు 64 ఏళ్ళు. పదకొండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. కిందటి నెల స్కానింగులో కుడి మూత్రపిండంలో 6 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. సరిగ్గా అదే వారం ఆవిడ ఫోనుకు ఎవరో ఒక వీడియో పంపారు. బిర్యానీలో వేసే రాతిపువ్వును రాత్రి నానబెట్టి, తెల్లవారి ఆ నీళ్ళతోనే మరిగించి పరగడుపున తాగితే రాయి కరిగిపోతుందట, చక్కెర దిగుతుందట, క్యాన్సర్ దరిచేరదట. తెల్లకోటు వేసుకున్న ఒకాయన "లైకెన్లలో వెయ్యికి పైగా రక్షక పదార్థాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు" అని గట్టిగా చెబుతున్నాడు.

మర్నాడే వన్‌టౌన్ వెళ్ళి పావుకిలో తెచ్చుకున్నారు. మా ఇంట్లో ఏడాది మొత్తానికి యాభై గ్రాములు ఖర్చు కాని సరుకు అది. ఇప్పుడు రోజూ గుప్పెడు నానబెట్టి, గ్లాసుడు నల్లటి కషాయం కళ్ళు మూసుకుని తాగేస్తున్నారు.

నన్ను భయపెట్టింది కషాయం కాదు. నిన్న మందుల డబ్బా సర్దుతుంటే రాత్రి వేసుకోవలసిన చక్కెర మాత్రలు ఉండవలసినవాటికన్నా తొమ్మిది ఎక్కువ కనిపించాయి. అడిగితే, "కషాయం పని చేస్తోంది కదమ్మా, రెండూ దేనికి" అన్నారు. ఊరికే వద్దంటే వినే మనిషి కారు. ఆ వీడియోలో నిజమెంత, కల్పన ఎంత అన్నది తెలిస్తే కూర్చోబెట్టి చెబుతాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

పటమట_రవి
మిగతా చర్చ తరువాత. ముందు రేపు పొద్దున పరగడుపున చక్కెర పరీక్ష చేయించండి. మాత్ర ఈ రాత్రే వేయించండి. మా బాబాయి ఇలాగే ఏదో ఆకు పసరు నమ్మి మందు మానేసి, కాలి పుండు మానక నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు.

బ్రాడీపేట_వాణి
ఒక్క సందేహం. రాతిపువ్వు అంటే పువ్వే కదా? నేను ఇన్నేళ్ళూ కొండల్లో పూసే ఏదో పువ్వును ఎండబెడతారని అనుకుంటున్నాను. ఈ లైకెన్ ఎక్కడి నుంచి వచ్చింది?

వృక్షశాస్త్రం_మాస్టారు
వాణి గారూ, అది పువ్వు కాదు, ఆకు కాదు, అసలు మొక్కే కాదు. గుంటూరులో ముప్పై ఏళ్ళు పిల్లలకు ఈ పాఠం చెప్పాను, కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను.

లైకెన్ అంటే ఒక శిలీంధ్రం (బూజు వంటిది), ఒక శైవలం (నీటి పాచి వంటిది) కలిసి చేసే కాపురం. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, తేమ పట్టి ఉంచుతుంది. లోపల ఉన్న శైవలం ఎండతో ఆహారం వండుతుంది. 1860ల చివర సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు పెద్ద పెద్ద పండితులే ఒప్పుకోలేదు. రెండు వేరు వేరు ప్రాణులు కలిసి ఒకే ప్రాణిలా బతకడం ఏమిటని కోప్పడ్డారు. చివరకు ఆయన మాటే నిలిచింది.

మీ వంటింట్లో ఉన్న ముక్క ఒకటి తీసి చూడండి. పైన బూడిద రంగు, కింద బొగ్గులాంటి నలుపు. అంచులు చినిగిన ఆకులా ముడతలు పడి ఉంటాయి. నలుపు వైపు చిన్న చిన్న వెంట్రుకల వంటివి ఉంటే అవి వేళ్ళు కావు, బెరడును పట్టుకునే కొక్కేలు. పేరులో రాయి ఉంది కానీ బజారుకు వచ్చేది చాలావరకు చెట్ల బెరడు మీద నుంచి గీకినదే. పార్మోట్రెమా అనే జాతిది ఎక్కువగా ఉంటుంది.

బ్రాడీపేట_వాణి
ఇప్పుడే డబ్బా తీసి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది, వెంట్రుకలతో సహా. మా అమ్మాయి పదో తరగతి, భూతద్దం తెచ్చుకుని కూర్చుంది. ఈ పూట వంట అయినట్టే!

వన్‌టౌన్_సుగంధద్రవ్యాలు
మా తాతగారి నాటి నుంచి మసాలా దినుసుల వ్యాపారం మాది. సుధ గారి అత్తయ్య మా దుకాణానికే వచ్చారేమో కూడా తెలియదు. ఈ నెల రోజులుగా రాతిపువ్వు అడిగేవాళ్ళు పెరిగారు. ఇదివరకు యాభై గ్రాములు, అదీ జాపత్రి, మరాటి మొగ్గ, అనాసపువ్వుతో కలిపి తీసుకునేవారు. ఇప్పుడు ఒంటరిగా అర కిలో అడుగుతున్నారు. ఎందుకో అడిగితే ఫోను చూపిస్తున్నారు.

వ్యాపారం పెరిగితే నాకు లాభమే. అయినా ఒక మాట చెప్పాలి. సరుకు గోనె సంచుల్లో వస్తుంది, హిమాలయాల వైపు నుంచి కొంత, పడమటి కనుమల నుంచి కొంత. సంచి విప్పి జల్లెడ పడితే ఇసుక, బెరడు చెక్కలు, నాచు, ఎండిన పురుగులు రాలతాయి. మేము ఏరినంత ఏరుతాము, కానీ ముడతల్లో ఇరుక్కున్న మట్టి ఏరితే పోయేది కాదు. పులావులో రెండు ముక్కలు వేసేవాళ్ళు కూడా కడిగి, పిండి వేస్తారు. నానబెట్టిన నీళ్ళే మరిగించి తాగడం నా జన్మలో వినలేదు.

మాచర్ల_పెద్దాయన
మీరందరూ కలిసి ఒక పెద్దావిడ నమ్మకాన్ని తీసివేస్తున్నారు. రెండేళ్ళ క్రితం నాకు 4 మిల్లీమీటర్ల రాయి ఉండేది. నెల రోజులు ఇదే కషాయం తాగాను, పడిపోయింది. పరీక్షనాళికలు పుట్టకముందే మన పెద్దలకు శైలేయం, అంటే ఈ రాతిపువ్వు, తెలుసు. అంతా పడమటివాళ్ళు చెబితేనే నిజమా?

పటమట_రవి
పెద్దాయన గారూ, 4 మిల్లీమీటర్ల రాయి చాలామందికి దానంతట అదే పడిపోతుంది. మీరు ఆ నెల నీళ్ళు కూడా బాగా తాగి ఉంటారు కదా?

మాచర్ల_పెద్దాయన
తాగాను. డాక్టరు మూడు లీటర్లు తాగమన్నాడు. అయితే మాత్రం?

శైలేయం_వైద్యురాలు
పెద్దాయన గారు పెద్దల మాట ఎత్తారు కాబట్టి ఆ పెద్దల శాస్త్రమే చదువుకున్నదానిగా చెబుతాను. నేను ఆయుర్వేద వైద్యురాలిని.

శైలేయం మన గ్రంథాలలో ఉంది, అది నిజం. లేపనాలలో, తైలాలలో, ధూపాలలో సుగంధం కోసం వాడారు. మూత్ర సంబంధమైన ఇబ్బందులకూ చెప్పారు. యునానీలో దీనిని ఉష్నా అంటారు. ఉస్నియా అనే లైకెన్ జాతి పేరు కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే. కానీ గుప్పెడు నానబెట్టి నెలల తరబడి పరగడుపున తాగమని ఏ గురువూ నాకు చెప్పలేదు. మోతాదు, అనుపానం (మందును దేనితో కలిపి తీసుకోవాలన్నది), కాలం, రోగి బలం చూడకుండా ఇచ్చేది ఆయుర్వేదం కాదు.

ఇంకొక సంగతి. మూత్రంలో రాళ్ళకు ఇచ్చే మందులలో శిలాపుష్పం అనే మూలిక ఉంటుంది. అది హిమాలయాలలో రాతి సందుల్లో పెరిగే నిజమైన పూల మొక్క, శాస్త్రీయ నామం డిడిమోకార్పస్. శిలాపుష్పాన్ని తెలుగులోకి తెచ్చుకుంటే ఏమవుతుంది? రాతిపువ్వు! ఆ వీడియో చేసినవారు ఒక పేరు చూసి ఇంకొక సరుకు చూపించారని నాకు గట్టి అనుమానం. నా దగ్గరకు వచ్చిన ఇద్దరు రోగులు ఇదే పొరపాటు పడ్డారు. ఒకరు చీటీ మీద శిలాపుష్పం అని చూసి కిరాణా దుకాణంలో రాతిపువ్వు కొన్నారు.

కృష్ణలంక_సుధ
ఇది నాకు కొత్త సంగతి. వీడియో మళ్ళీ చూశాను. మొదట్లో ఒకసారి "శిలాపుష్పం" అనే అంటున్నాడు, ఆ తరువాత రాతిపువ్వు గిన్నె చూపిస్తున్నాడు!

వృక్షశాస్త్రం_మాస్టారు
డాక్టరమ్మ గారు మంచి చిక్కుముడి విప్పారు. రాతి మీద పుట్టింది కాబట్టి రాయిని కరిగిస్తుందన్న ఊహ మనకే పరిమితం కాదు. ఐరోపాలో ఊపిరితిత్తుల ఆకారంలో గుంటలు పడిన ఒక లైకెన్‌ను శతాబ్దాల పాటు దగ్గుకూ క్షయకూ ఇచ్చారు. దాని పేరే లొబేరియా పల్మొనేరియా. కుక్క కోరల్లాంటి భాగాలు ఉన్న పెల్టిజెరా కెనైనాను పిచ్చికుక్క కాటుకు ఇచ్చారు. పోలిక చూసి మందు అనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది.

తెనాలి_పద్మ
నాకు బుగ్గ లోపల తెల్లని గీతలు వస్తే దంత వైద్యులు "లైకెన్ ప్లానస్" అని రాశారు. ఈ చర్చ చదివి గుండె ఝల్లుమంది. మా ఇంట్లో ప్రతి ఆదివారం బిర్యానీ. రాతిపువ్వు వల్లే వచ్చిందా?

శైలేయం_వైద్యురాలు
కంగారు పడవద్దు పద్మ గారూ. ఆ జబ్బుకూ ఈ లైకెన్‌కూ పేరు తప్ప సంబంధం లేదు. చర్మం మీద మచ్చలు బండ మీద పాకిన లైకెన్‌లా కనిపిస్తాయని పాతకాలపు వైద్యులు ఆ పేరు పెట్టారు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పడం వల్ల వస్తుంది, అంటుకోదు. వైద్యులు రమ్మన్నప్పుడల్లా వెళ్ళి చూపించుకోండి, అది మాత్రం మానవద్దు.

ఔషధ_రసాయనం
విజయవాడ దగ్గర ఒక ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెబుతాను. సుధ గారు అడిగిన అసలు ప్రశ్నకు, అంటే ఆ వెయ్యి పదార్థాల సంగతికి వస్తాను.

లెక్క అబద్ధం కాదు. లైకెన్లలో వెయ్యికి పైగా ప్రత్యేక రసాయనాలు గుర్తించారు. వాటిలో చాలావాటిని ఇంకే ప్రాణీ తయారు చేయదు. అట్రనోరిన్, ఉస్నిక్ ఆమ్లం, లెకనోరిక్ ఆమ్లం, గైరోఫోరిక్ ఆమ్లం, స్టిక్టిక్ ఆమ్లం, ఇలా పెద్ద వరుస. ఎందుకు తయారు చేస్తుందో ఆలోచించండి. లైకెన్ కదలలేదు. చాలా జాతులు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగవు. ఎండ మాడ్చకుండా, పురుగు కొరకకుండా, సూక్ష్మజీవి తినకుండా దశాబ్దాల తరబడి ఒకే చోట నిలబడాలి. అందుకని పై పొరలో ఎండను ఆపే పదార్థాలు, లోపల చేదు పదార్థాలు నింపుకుంటుంది. ఆ కవచం అది తనకోసం కట్టుకున్నది. మనం మింగితే మనకూ కవచమే అవుతుందని వీడియోలో ఒక్క దూకు దూకారు.

ప్రయోగశాలలో జరిగేది చెబుతాను, మా పిల్లలతో చేయించినదే. రాతిపువ్వును పొడి చేసి అసిటోన్ అనే ద్రావకంలో నానబెడతాము. వడకట్టి ఆ ద్రావకాన్ని ఆరబెడితే గిన్నె అడుగున గోధుమ రంగు జిగురు మిగులుతుంది. దానిని చిటికెడు తీసి, డీపీపీహెచ్ అనే ముదురు ఊదా రంగు ద్రావణంలో కలుపుతాము. చూస్తుండగానే ఊదా వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిస్తే అంత యాంటీఆక్సిడెంట్ శక్తి, అంటే కణాలను దెబ్బతీసే పదార్థాలను అణచే శక్తి, అని లెక్క. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు పక్క గొట్టంలో మా గదిలో కాచిన టీ డికాక్షన్ వేయించాను. అదీ వెలిసింది. ఇంకొక దానిలో ఉసిరికాయ రసం. అదీ వెలిసింది. వీడియో వాళ్ళు మొదటి గొట్టం దగ్గరే ఆగిపోయారు.

ముఖ్యమైన తేడా ఏమిటంటే మేము వాడింది అసిటోన్, అత్తయ్య గారు వాడుతున్నది నీళ్ళు. అట్రనోరిన్, ఉస్నిక్ ఆమ్లం నీళ్ళలో దాదాపు కరగవు. ఎంత మరిగించినా ముక్కల్లోనే ఉండిపోతాయి, ఆ ముక్కలను ఆవిడ పారబోస్తున్నారు. కొత్తగా క్యాన్సర్ కణాల మీద పని చేసిందని రాసేది కూడా గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద. ఆ మోతాదు మన రక్తంలోకి చేరుతుందా, చేరితే కాలేయం ఊరుకుంటుందా అన్నది వేరే ప్రశ్న.

గాజు గొట్టాన్ని నమ్మితే ఏమవుతుందో ఒక పెద్ద అనుభవం ఉంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ మంచి యాంటీఆక్సిడెంట్. ఫిన్లాండులో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారిని తీసుకుని, కొందరికి ఆ మాత్రలు ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం ఎక్కువ కనిపించింది. అందుకే మనుషుల మీద పరీక్ష జరగనిదే "రక్షిస్తుంది" అన్న మాట నోటికి రానివ్వను.

మాచర్ల_పెద్దాయన
అయితే లైకెన్‌లో ఏ మంచీ లేదంటారా? ఇన్ని పరిశోధనలు వృథాగా చేస్తున్నారా?

ఔషధ_రసాయనం
వృథా అని నేను అననండీ. నా జీతమే ఈ వెతుకులాట మీద. ఉస్నిక్ ఆమ్లాన్ని 1840లలోనే వేరు చేశారు. చీము పట్టించే సూక్ష్మజీవులను అది బాగా అడ్డుకుంటుంది. సోవియట్ దేశంలో దాని సోడియం లవణాన్ని గాయాల మీద పూత మందుగా వాడారు. ఐస్‌లాండ్ మాస్ అనే లైకెన్ ఉంది, పేరు అలా ఉన్నా అదీ నాచు కాదు. దాని జిగురు గొంతుకు పట్టి పొడి దగ్గును శాంతింపజేస్తుంది. ఐరోపా మందుల సంస్థ దానిని సంప్రదాయ వాడుకగా ఒప్పుకుంది. చప్పరించే బిళ్ళలుగా అమ్ముతారు. గొంతు మీద పూత, గాయం మీద పూత, ఇవి సరే. కడుపులోకి రోజూ మోతాదు లేకుండా పంపడమే నాకు అభ్యంతరం.

అరండల్‌పేట_కుర్రాడు
ఉస్నిక్ ఆమ్లం అన్నారు కదా. బరువు తగ్గడానికి మా వ్యాయామశాలలో ఒకతను ఇచ్చిన గుళికల సీసా మీద ఆ పేరే ఉంది. నాలుగు వారాలుగా రోజుకు మూడు వేసుకుంటున్నాను. మూడు కిలోలు తగ్గాను. ఒళ్ళు ఎప్పుడూ వేడిగా ఉంటోంది. వారం నుంచి ఆకలి లేదు, నీరసం. ఇది మంచిదేనా?

ఔషధ_రసాయనం
బాబూ, ఆ గుళిక ఇంకొకటి కూడా వేసుకోవద్దు. మూత్రం రంగు ఎలా ఉంది? కళ్ళు పచ్చబడ్డాయా?

అరండల్‌పేట_కుర్రాడు
మూత్రం ముదురు పసుపుగా వస్తోంది. ఎండ వల్ల అనుకున్నాను.

ఔషధ_రసాయనం
ఈ పూటే డాక్టరు దగ్గరకు వెళ్ళు. సీసా చేతిలో పట్టుకుని వెళ్ళు. కాలేయ పరీక్షలు చేయమని అడుగు. రేపు చూద్దాము అనుకోవద్దు.

కారణం అందరికీ తెలియాలి. మన కణాల్లో తిండిని శక్తిగా మార్చే చోటు మైటోకాండ్రియా. ఉస్నిక్ ఆమ్లం ఆ పనికి గండి కొడుతుంది. కాలువకు గండి పడితే నీళ్ళు పొలానికి చేరకుండా పోయినట్టు, శక్తి కావలసినది వేడిగా పోతుంది. బరువు తగ్గినట్టు, ఒళ్ళు వేడెక్కినట్టు అనిపించడం అందుకే. ఆ దెబ్బ ముందుగా తగిలేది కాలేయానికి. అమెరికాలో ఇలాంటి గుళికలు వాడినవారికి కాలేయం దెబ్బతింటే అక్కడి ఆహార ఔషధ సంస్థ 2001 నవంబరులో జనాన్ని హెచ్చరించింది. ఉస్నిక్ గుళికల వల్ల కాలేయ మార్పిడి దాకా వెళ్ళినవారు ఉన్నారు.

పటమట_రవి
కుర్రాడా, వెళ్ళావా? ఇక్కడ ఒక్క మాట రాసి వెళ్ళు.

కృష్ణలంక_సుధ
నాకు చేతులు వణుకుతున్నాయి. అత్తయ్య తాగుతున్న దానిలోనూ ఇదే ఉందా?

ఔషధ_రసాయనం
ఉస్నిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేది ఉస్నియా వంటి ఆకుపచ్చ పసుపు లైకెన్లలో. మనం వాడే బూడిద రంగు రాతిపువ్వులో ప్రధానంగా అట్రనోరిన్ ఉంటుంది. పైగా నీళ్ళలో కరగదని చెప్పాను కదా. అందుచేత గుళికలంత భయం లేదు. కానీ బజారు సంచిలో ఏమేమి కలిసిందో ఎవరు చెప్పగలరు? కాలేయ పరీక్ష చేయించడంలో తప్పులేదు.

వృక్షశాస్త్రం_మాస్టారు
ఏమేమి కలిసిందో కొంతవరకు నేను చెప్పగలను. లైకెన్లను గుర్తుపట్టడానికి మాకు ఒక పాత చిట్కా ఉంది, రంగు పరీక్ష. నిన్న సాయంత్రం పట్నంబజారులో ఒక పొట్లం కొని చేసి చూశాను.

బూడిద రంగు వైపు పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే పసుపు తిరిగింది. అది అట్రనోరిన్ గుర్తు. అన్నీ అలాగే తిరిగాయి. తరువాత బ్లేడుతో పై పొర గీకాను. లోపల దూదిలాంటి తెలుపు. ఆ తెలుపు మీద బ్లీచింగ్ ద్రావణం చుక్క వేస్తే కొన్ని ముక్కల్లో ఏమీ కాలేదు, కొన్నిటిలో నెత్తురు చిమ్మినట్టు ఎర్రగా అయింది. అది లెకనోరిక్ ఆమ్లం గుర్తు. ఇంకొన్నిటిలో హైడ్రాక్సైడ్ చుక్కకే లోపలి తెలుపు పసుపై, నిదానంగా ఎర్రబడింది. అది సలాజినిక్ ఆమ్లం. అంటే ఒకే పొట్లంలో కనీసం మూడు జాతులు, మూడు రకాల రసాయనాలు. ఒక జాతి మీద జరిగిన పరిశోధన చూపించి పొట్లం మొత్తానికి ఆ గుణం అంటగట్టడం కుదరదు.

మంగళగిరి_చేనేత
మాస్టారు చెప్పిన లెకనోరిక్ ఆమ్లం మా పనికి వస్తుంది! ప్రకృతి రంగుల శిక్షణలో విన్నాను. అలాంటి లైకెన్లను అమ్మోనియాలో వారాల తరబడి ఊరబెడితే ఊదా రంగు దిగుతుంది. పూర్వం అమ్మోనియా దొరకక మూత్రంలో ఊరబెట్టేవారట. పట్టుకు బాగా పడుతుంది. బడిలో ఆమ్లమా క్షారమా అని ముంచి చూసే లిట్మస్ కాగితం రంగు కూడా లైకెన్‌దే.

కొండవీడు_నడక
ఆదివారాలు కొండవీడు కోట ఎక్కుతాము. అక్కడ బండల మీద బూడిద, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో గుండ్రటి మచ్చలు ఉంటాయి. అవీ ఇవేనా? గీకి తెచ్చుకోవచ్చా? బజారు సరుకుకన్నా శుభ్రంగా ఉంటుంది కదా.

వృక్షశాస్త్రం_మాస్టారు
అవీ లైకెన్లే, కానీ గీకవద్దు. ఒకటి, రూపాయి బిళ్ళంత మచ్చ పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. మీరు గోటితో క్షణంలో తీసేస్తారు. రెండు, ఏది ఏ జాతో మీకు తెలియదు. ఉత్తర ఐరోపాలో లెథారియా వల్పినా అనే పసుపు పచ్చని లైకెన్‌ను మాంసంలో కూరి తోడేళ్ళను చంపేవారు. అందులోని వల్పినిక్ ఆమ్లం విషం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లైకెన్‌కు వేళ్ళు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పూత లేదు. గాలిలో వచ్చేది, వానలో కురిసేది, దుమ్ముగా పడేది, అన్నీ పీల్చి దాచుకుంటుంది. సీసం, కాడ్మియం వంటి విషపు లోహాలను కూడా. అందుకే గాలి ఎంత చెడిందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు లైకెన్లను కొలుస్తారు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత స్కాండినేవియాలో లైకెన్లు అణుధూళిలోని సీసియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని పీల్చుకున్నాయి. వాటిని మేసే రెయిన్‌డీర్ అనే మంచు ప్రాంతపు జింకల మాంసం ఎంతో పారవేయవలసి వచ్చింది. ఏ రోడ్డు పక్క చెట్టు నుంచి గీకారో తెలియని సరుకును కషాయం కాచుకోవడం అంటే ఆ రోడ్డు దుమ్మును కూడా తాగడమే.

వన్‌టౌన్_సుగంధద్రవ్యాలు
సుధ గారూ, ఒక పని చేయండి. అత్తయ్య గారికి శాస్త్రం ఏమీ చెప్పవద్దు. తెల్లటి పింగాణీ గిన్నెలో రాతిపువ్వు నానబెట్టి, ముక్కలు తీసేసి, నీళ్ళు కదపకుండా రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగు చూపించండి.

అరండల్‌పేట_కుర్రాడు
నిన్న రాత్రే వెళ్ళాను. కాలేయం దెబ్బతిన్నదా అని చూపే ఎస్‌జీపీటీ 212 వచ్చింది, ఉండవలసింది 40 లోపు అన్నారు. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ కొద్దిగా ఎక్కువ. డాక్టరు సీసా తీసుకుని ఫొటో తీసుకున్నారు. సమయానికి ఆపావు అన్నారు. వారం తరువాత మళ్ళీ పరీక్ష. ఔషధ_రసాయనం గారూ, మీరు అడగకపోతే ఇంకొక సీసా కొనేవాడిని. వ్యాయామశాలలో ఇంకా నలుగురు ఇవే వాడుతున్నారు, ఈ పూట వాళ్ళ దగ్గరకు వెళుతున్నాను.

ఔషధ_రసాయనం
వెళ్ళు నాయనా, నలుగురినీ పరీక్ష చేయించుకోమను. నీ వారం తరువాతి ఫలితం కూడా ఇక్కడ రాయి. నిద్ర పట్టక నాలుగు సార్లు ఈ పుట తెరిచాను.

మాచర్ల_పెద్దాయన
ఈ కుర్రాడి మాట చదివాక నాకూ కొంచెం గుబులు కలిగింది. నేను ఇప్పటికీ వారానికి రెండు సార్లు తాగుతున్నాను. మానేస్తాను. నీళ్ళు మాత్రం మానను. అయితే డాక్టరమ్మ గారు చెప్పిన శిలాపుష్పం సంగతి ఎవరైనా ఆ వీడియో కింద రాయండి, నాలాంటి వాళ్ళు చదువుతారు.

శైలేయం_వైద్యురాలు
రాశాను పెద్దాయన గారూ. తీసేశారు. మళ్ళీ రాశాను.

కృష్ణలంక_సుధ
మూడు రోజుల తరువాత రాస్తున్నాను. పరగడుపు చక్కెర 218. అత్తయ్య ఆ కాగితం చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. ఆ రాత్రే నేను దుకాణం వారు చెప్పినట్టు తెల్ల గిన్నెలో నానబెట్టి ఉంచాను. పొద్దున నీళ్ళు నెమ్మదిగా వంపితే అడుగున నల్లటి మడ్డి, దాని కింద ఇసుక. అత్తయ్య వేలు పెట్టి రుద్ది చూశారు. గరగరలాడింది. రెండు పురుగుల రెక్కలు కూడా తేలాయి. "ఇదా నేను తాగింది" అని ఒక్క మాట అన్నారు. నేనేమీ చెప్పవలసిన పని లేకపోయింది.

కాలేయం, మూత్రపిండాల పరీక్షలు బాగున్నాయి. డాక్టరు చక్కెర మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు. రాయి కోసం రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమన్నారు. నెల తరువాత మళ్ళీ స్కానింగు. ఇప్పుడు ఆవిడ సీసా మీద గీతలు గీసుకుని లెక్క పెట్టుకుని తాగుతున్నారు.

ఒక ప్రశ్న అత్తయ్యే అడగమన్నారు. ఇంకా నూట యాభై గ్రాములు మిగిలింది. వంటకు వాడుకోవచ్చా? ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?

వన్‌టౌన్_సుగంధద్రవ్యాలు
వాడుకోవచ్చమ్మా. మూడు నీళ్ళు కడిగి, గట్టిగా పిండి, ఎండలో బాగా ఆరనిచ్చి గాజు సీసాలో మూత బిగించి పెట్టండి, ఏడాది ఉంటుంది. నలుగురి పులావుకు బొటనవేలి గోరంత ముక్కలు రెండు చాలు. పచ్చిగా వాసన ఉండదు. నూనె బాగా కాగాక వేస్తే ఒక్కసారి ముడుచుకుని, తడి కట్టె పొగ వాసన లేస్తుంది. అప్పుడు వెంటనే ఉల్లిపాయలు వేయాలి, మాడితే చేదు. ఈ లెక్కన ఆ నూట యాభై గ్రాములు మీ మనవల పెళ్ళిళ్ళ దాకా వస్తాయి. సగం వెనక్కి తెచ్చి ఇవ్వమనండి, డబ్బు ఇచ్చేస్తాను.